కెమెరా కొనేముందు పాస్టరమ్మగారి నోటుబుక్కు చూడండి

ప్రశ్న: అక్కయ్యగారికి వందనాలు. మాది కోనసీమలో ఒక పల్లె. అక్కడి సంఘానికి మా మామయ్యగారే కాపరి, అంటే పాస్టరు. 140 కుటుంబాలు ఉంటాయి. నేను ఎంసీఏ చదివాను, ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. దాంతో సంఘంలో ఫోన్లు, కంప్యూటర్ల పనంతా నా మీదే పడింది. యూత్ వాళ్లు కెమెరా కొని ఆదివారం ఆరాధన యూట్యూబ్‌లో లైవ్ పెడదామంటున్నారు. అందుకోసం 60 వేల రూపాయలు పోగు చేశారు. మామయ్యగారికి ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది, కానీ నోరు తెరిచి వద్దనరు. కువైట్‌లో పనిచేస్తున్న మా సంఘపు ఆడవాళ్లు వాక్యం పంపమని అడుగుతున్నారు. కానుకల క్యూఆర్ కోడ్ మా వారి ఫోన్ నంబరు మీద ఉంది, దాని గురించి గుసగుసలు మొదలయ్యాయి. ఇంకొకటి. సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక అక్క, పలానా చెల్లికి గర్భం పోయింది, ప్రార్థన చేయండి అని పెట్టింది. మంచి మనసుతోనే పెట్టింది. అది ఆ చెల్లి అత్తవారి ఊరిదాకా వెళ్లింది. అప్పటినుంచి ఆమె మందిరానికి రావడం మానేసింది. గ్రూపు మూసేయమంటారా? నేను ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: చెల్లెమ్మా, వందనాలు.

ఆ అమ్మాయి దగ్గరే మొదలుపెడదాం. మీరు ఆమె సంగతి చివర రాశారు గానీ, నాకు మీ ఉత్తరం అంతటిలో ముందు కనిపించింది ఆమే.

మీరూ మీ అత్తయ్యగారూ కలిసి వాళ్లింటికి వెళ్లండి. ఆదివారం వద్దు, మామూలు రోజున, మగవాళ్లు పనికి వెళ్లిన వేళ చూసుకోండి. గ్రూపులో పెట్టిన అక్కను వెంటబెట్టుకెళ్లాలా వద్దా అన్నది ఆ అమ్మాయినే ముందుగా అడిగి తేల్చుకోండి. వెళ్లాక సంజాయిషీలు చెప్పొద్దు. ‘మంచి మనసుతోనే పెట్టింది’ అన్న మాట అసలు నోట రానివ్వొద్దు. పెట్టినావిడ మనసు ఎంత మంచిదైనా ఆ పిల్ల గుట్టు రెండూళ్లలో పడింది కదా. ‘నిన్ను అడక్కుండా నీ కష్టం పదిమందిలో పెట్టాం, తప్పు మాదే’ అని చెప్పి ఊరుకోండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ప్రార్థన చేయమంటే చేయండి. వద్దంటే కాసేపు కూర్చుని వచ్చేయండి, వారం పోయాక మళ్లీ వెళ్లండి. ఈ క్షమాపణ మాత్రం గ్రూపులో పెట్టకండి, మరిచిపోయినవాళ్లకు కూడా మళ్లీ గుర్తు చేసినట్టవుతుంది. ఆ మెసేజ్ ఇంకా అక్కడే ఉంటే, వీలైతే అడ్మిన్ హోదాలో మీరే అందరికీ పోయేలా డిలీట్ చేయండి. ఇప్పటికే ఫార్వర్డ్ అయినవాటిని ఎవరూ వెనక్కి తేలేరు.

ఇలాంటిది మళ్లీ జరగకుండా ప్రార్థన మనవులకు వేరే దారి పెట్టండి. ఎవరికైనా మనవి ఉంటే గ్రూపులో రాయరు, ఇద్దరిలో ఒకరికి ఫోన్ చేసి చెబుతారు. ఆడవాళ్లయితే మీ అత్తయ్యగారికో స్త్రీల సహవాసంలో గుట్టు దాచగలిగే పెద్దావిడకో, మగవాళ్లయితే ఒక సంఘ పెద్దకు. విన్నవాళ్లు ఒక్క ప్రశ్న అడగాలి: ‘ఇది సంఘంలో చెప్పమంటావా, మా వరకే ఉంచమంటావా?’ సంఘంలో చెప్పమంటేనే చెప్పాలి. అప్పుడు కూడా ‘మన సంఘంలో ఒక కుటుంబం అనారోగ్యంతో ఉంది’ అంటే చాలు. దేవునికి పేరు, ఊరు, స్కానింగ్ రిపోర్టు ఫొటో పంపనక్కర్లేదు కదా! రిపోర్టుల ఫొటోలు గ్రూపుల్లో తిరగడం మన సంఘాల్లో బాగా పెరిగిపోయింది, ఇది ఆగాలి. కడుపుకు సంబంధించినవి, పెళ్లి సంబంధాలవి, భర్త తాగుడువి, అప్పులవి అయితే ఇంకా జాగ్రత్త. పల్లెలో ఒక ఆడపిల్ల జీవితం ఒక్క స్క్రీన్‌షాట్‌తో తలకిందులవుతుంది.

గ్రూపు మూసేయనక్కర్లేదు. సెట్టింగుల్లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపేలా మార్చండి. కూడిక వేళలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన ఎవరింట్లో, సండే స్కూల్ కబురు, ఎవరైనా ప్రభువు సన్నిధికి వెళ్తే ఆ సంగతి, ఇంతవరకే. గుడ్ మార్నింగ్ పూలబొమ్మలు, ఫార్వర్డ్ వాగ్దానాలు, ఇంకో సంఘంవాళ్ల పోస్టర్లు వాటంతటవే ఆగిపోతాయి. కొందరు అలుగుతారు, రెండు వారాల్లో సర్దుకుంటారు.

ఇంకో సంగతి మీరు గమనించారో లేదో. మామూలు గ్రూపులో ప్రతి ఒక్కరి నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. ఇంటర్ చదివే పిల్ల నంబరు, ఒంటరిగా ఉండే విధవరాలి నంబరు, అన్నీ. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు ‘వందనాలు సిస్టర్’ అంటూ రాత్రిపూట మెసేజ్ పెట్టడానికి అదే దారి. వాట్సాప్‌లో కమ్యూనిటీ అని ఒకటుంది, 2022 చివర్లో వచ్చింది. అందులోని ప్రకటనల గ్రూపులో సభ్యుల నంబర్లు ఒకరివి ఒకరికి కనబడవు. అడ్మిన్లకూ, ముందే నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకూ తప్ప. మీ గ్రూపు కబుర్లన్నీ ఆ ప్రకటనల గ్రూపులోకే మార్చుకోండి. మీకు గంట పని. దాంతోపాటు నాయకులందరికీ ఒక కట్టుబాటు పెట్టండి: రాత్రి 9 తర్వాత ఏ పెద్దా, ఏ యూత్ లీడరూ ఒక ఆడపిల్లతో విడిగా చాటింగ్ చేయకూడదు. సలహా కావాలంటే పాస్టరమ్మగారితో కలిపి మాట్లాడాలి. దీన్ని అనుమానం అనుకోవద్దు. అటు పిల్లకూ ఇటు నాయకుడికీ ఇదే కాపుదల.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. 60 వేలు చేతిలో ఉన్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. మీ అత్తయ్యగారి దగ్గర మొదలుపెట్టండి. నాకు మీ అత్తయ్యగారు తెలియదు గానీ పాస్టరమ్మగార్లు చాలామంది తెలుసు. ఆరాధన అయ్యాక వంటింట్లో బియ్యం కడుగుతూనే ‘వంతెన దగ్గరి మరియమ్మ ఇవాళ కూడా రాలేదేంటి’ అంటారు. ఎవరు మూడు వారాలుగా రావడం లేదు, ఎవరి కొడుకు హైదరాబాదులో ఉద్యోగం మానేశాడు, ఎవరికి మోకాళ్లు పట్టేశాయి, అన్నీ ఆమెకు తెలుసు. ఆ ఎరుకే సంఘానికి ప్రాణం. అది ఒక్క మనిషి తలలోనే ఉండిపోవడం వల్ల ఆమె జబ్బుపడిన నెల అందరూ మరుగున పడిపోతారు.

అందుకని ఒక ఆదివారం సాయంత్రం ఆమె పక్కన కూర్చుని 140 కుటుంబాలనూ రాయండి. నోటుబుక్కులో రాసినా సరే, మీ కంప్యూటర్‌లో షీట్ చేసినా సరే. ఇంటి పేరు, ఫోన్ నంబరు, అది స్మార్ట్ ఫోనా కీప్యాడ్ ఫోనా, మందిరానికి రాలేనివాళ్లు ఎవరు, బయటి దేశంలో ఎవరున్నారు. ఇంతే. జబ్బుల వివరాలు, గొడవల వివరాలు అందులో రాయొద్దు. అది చూడగలిగేవాళ్లు ముగ్గురుంటే చాలు. ఆరాధన అయ్యాక ఆ ముగ్గురూ పది నిమిషాలు కూర్చుని రానివాళ్ల పేర్లకు గుర్తు పెట్టుకుని, మంగళవారంలోపు తలా నలుగురికి ఫోన్ చేయాలి. ‘ఎందుకు రాలేదు’ అని అడిగితే లెక్క అడిగినట్టుంటుంది. ‘ఎలా ఉన్నారు’ అని అడగాలి.

ఈ జాబితా రాస్తే మీకే ఒక సంగతి తేలుతుంది. సంఘంలో ఎవరికి వాక్యం అందడం లేదో బయటపడుతుంది. యూట్యూబ్ లైవ్ పెడితే వాళ్లలో ఎందరికి అందుతుందో అప్పుడు లెక్కేయండి. నా అనుభవంలో పల్లె సంఘాల్లో అందనివాళ్లు మూడు రకాలు. మంచంపట్టిన పెద్దవాళ్లు, గల్ఫ్‌లో ఉన్న ఆడవాళ్లు, ఆదివారం కూడా డ్యూటీ ఉండే పిల్లలు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరికీ ఉదయం పదింటి లైవ్ పనికిరాదు.

పెద్దవాళ్ల సంగతి చూడండి. వాళ్ల దగ్గర ఉండేది కీప్యాడ్ ఫోన్, లేదంటే మనవడి స్మార్ట్ ఫోన్, అదీ మనవడు ఇస్తేనే. వాళ్లకు మామూలు కాన్ఫరెన్స్ కాల్ బంగారం. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒకరికి కాల్ చేసి, ఇంకొకరిని కలిపి, మెర్జ్ నొక్కుకుంటూ పోతే మనం కాక ఐదుగురి దాకా ఒకేసారి మాట్లాడుకోవచ్చు. అవతలివాళ్లకు ఏ ఫోనున్నా ఫరవాలేదు. ఇంటర్నెట్ అక్కర్లేదు, డౌన్‌లోడ్ అక్కర్లేదు. బుధవారం సాయంత్రం ఏడింటికి మామయ్యగారు మంచంమీదున్న ఐదుగురు అవ్వలను కలుపుకుని ఒక కీర్తన పల్లవి, పది నిమిషాల వాక్యం, పేరుపేరునా ప్రార్థన చేస్తే, వాళ్లకు ఆ వారమంతా దానిమీదే గడుస్తుంది. ఒకావిడ పాట మొదలుపెడితే ఇంకొకావిడ సగం చరణం వెనకబడి అందుకుంటుంది, ఫోన్‌లో శ్రుతి కలవదు. అయినా వాళ్లు ఆపరు. ‘ఎవరదీ, సుందరమ్మ గొంతేనా, ఇంకా బతికే ఉన్నావా’ అని ఒకరినొకరు పలకరించుకుంటారు. పక్కపక్క వీధుల్లో ఉండి కూడా నడవలేక ఏళ్ల తరబడి చూసుకోనివాళ్లు వాళ్లు. మీ ఇంట్లో సాంకేతిక పరిజ్ఞానం వాడే మొదటి మనిషి మీ మామయ్యగారే కావాలని, అది ఈ కాల్‌తోనే కావాలని నా కోరిక. ఆయనకు చేతకాని పని ఇందులో ఏదీ లేదు. మీరు కలిపి చేతికిస్తే చాలు.

కువైట్‌లో ఉన్న అక్కచెల్లెళ్ల సంగతి. మనకు ఉదయం పది అంటే వాళ్లకు ఏడున్నర. అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం పని రోజు. మీరు ఆరాధన మొదలుపెట్టే వేళకు వాళ్లు అరబ్బుల ఇళ్లలో పనిలో మునిగి ఉంటారు. లైవ్ ఎలా చూస్తారు? సెలవు దొరికినవాళ్లు శుక్రవారం అక్కడి సంఘాలకు వెళ్తారు. కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు కూడుకుంటాయి. సెలవే దొరకనివాళ్లూ ఉన్నారు. వాళ్లు అడిగింది ‘వాక్యం పంపండి’ అని, గమనించారా? చూపించమని అడగలేదు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేస్తూ వినేది కావాలి వాళ్లకు. మామయ్యగారి వర్తమానంలో నుంచి ఇరవై నిమిషాల ఆడియో చాలు. మోనోలో, 32 కేబీపీఎస్‌లో సేవ్ చేస్తే 5 ఎంబీ కూడా దాటదు. అదే వీడియో అయితే వందల ఎంబీ. ఆ ఆడియో మొదట్లో మామయ్యగారు అర నిమిషం వాళ్లతో మాట్లాడాలి. ‘అమ్మా, మన ఊళ్లో వానలు పడుతున్నాయి, మీ పిల్లలు సండే స్కూల్‌కు వస్తున్నారు, బాగా పాడుతున్నారు’ అని. పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి వెళ్లినవాళ్లకు ఆ అర నిమిషం ఎంతో మీకు చెప్పనక్కర్లేదు. వాళ్లు తిరిగి వాయిస్ మెసేజ్ పంపుతారు. దాన్ని ఎవరో ఒకరు విని జవాబు ఇవ్వాలి. ఇది తప్పనిసరి.

రేడియో కాలంలోనూ ఇదే నడిచింది. 1970 నుంచి ఫెబా అనే క్రైస్తవ రేడియో సీషెల్స్ దీవుల నుంచి షార్ట్ వేవ్‌లో ప్రసారం చేసేది, మన తెలుగు కార్యక్రమాలు కూడా వచ్చేవి. గరగరల మధ్య చెవి ఆనించి విన్నవాళ్లు ఇప్పటికీ మన సంఘాల్లో ఉన్నారు. వాళ్లను కదిపి చూడండి, ప్రసంగం కన్నా తాము రాసిన ఉత్తరానికి జవాబు వచ్చిన రోజు ఎక్కువ గుర్తుంటుంది వాళ్లకు.

ఆ ఆడియో బాగుండాలంటే మందిరంలో సౌండ్ బాగుండాలి. 60 వేలలో మొదటి ఖర్చు నేను ఇక్కడ పెట్టమంటాను. మన పల్లె మందిరాల్లో మైకు మీద ఎకో అంత పెట్టేస్తారు, ప్రతి మాటా మూడుసార్లు వినబడి ఒక్కసారి కూడా అర్థం కాదు. పాటలకు కొంచెం ఉంచుకోండి, వాక్యం వేళ పూర్తిగా తీసేయండి. దీనికి పైసా ఖర్చు లేదు, మిక్సర్ మీద ఒక మరను తిప్పడమే. తర్వాత రెండు మంచి మైకులు, తెగిపోని కేబుళ్లు, రికార్డింగ్‌కు లైన్ ఇచ్చే చిన్న మిక్సర్, అందులోంచి ఫోన్‌లోకి ఎక్కించే చిన్న సౌండ్ కార్డు. స్పీకర్ ముందు ఫోన్ పెట్టి రికార్డు చేస్తే ఫ్యాను మోత, పసిపిల్లల ఏడుపు, కీబోర్డు అన్నీ కలిసి వస్తాయి. లైన్ నుంచి తీసుకుంటే మనిషి గొంతు ఒక్కటే వస్తుంది. కొనే ముందు వెనక వరుసలో కూర్చునే చెవులు సరిగా వినపడని తాతగారిని పిలిచి, మైకులో మాట్లాడి, ఏమన్నారో చెప్పమనండి. ఆయన చెప్పగలిగితే మీ సౌండ్ బాగున్నట్టు.

మందిరం పైన బయటికి తిప్పిన హారన్లు ఉంటే ఆ మాట కూడా కమిటీలో ఎత్తండి. 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు మద్రాసులోని ఒక చర్చి కేసులోనే తేల్చి చెప్పింది, ఇరుగుపొరుగు ప్రశాంతత చెడగొట్టేలా మైకులు పెట్టి ప్రార్థించాలని ఏ మతమూ చెప్పలేదని. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్ స్పీకర్లు వాడకూడదన్న నియమం కూడా అదే ఏడాది వచ్చింది. డిసెంబరు 31 రాత్రి కూడికకు ముందే అనుమతి తీసుకోండి. పక్కింటివాళ్ల పిల్లకు పరీక్షలున్నాయని తెలిసి హారన్ తగ్గించిన సంఘం మాట ఆ ఇంట్లో ఎక్కువ వినబడుతుందని నేను నమ్ముతాను.

యూత్ వాళ్లు పాటల సాహిత్యం తెరమీద వేద్దామంటే ఒప్పుకోండి, మంచిదే. అయితే డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన పాటలు వేరే కంప్యూటర్‌లో తెరిస్తే గజిబిజి అక్షరాలు వస్తాయి. ఆరాధన మధ్యలో అది జరిగితే అందరి ధ్యానమూ పోతుంది. ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు సరిగా కనబడే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించండి, సిలికానాంధ్ర వాళ్ల మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. ఆ పని యూత్‌కే అప్పగించండి. టైపు చేస్తూ చేస్తూ పాత కీర్తనలు నేర్చుకుంటారు కూడా.

లైవ్ గురించి నా మాట: ఇప్పుడు వద్దు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చినప్పుడు మనకు వేరే దారి లేదు. ఆ ఏడు ఏప్రిల్ 12న ఈస్టరు కూడా ఫోన్లలోనే చేసుకున్నాం, 40 నిమిషాలకు తెగిపోయే ఉచిత జూమ్‌లో మళ్లీ మళ్లీ చేరుకుంటూ. అది కరువులో గంజి. అప్పుడు ప్రాణం నిలిపింది నిజమే, పంట వచ్చాక కూడా దాన్నే వడ్డించనక్కర్లేదు.

మీ మామయ్యగారు ఎందుకు వెనకాడుతున్నారో నేను ఊహించగలను. పెద్ద పెద్ద సేవకుల ప్రసంగాల పక్కన తనది పెట్టి చూస్తారన్న బెరుకు కొంత ఉండొచ్చు. కానీ అంతకన్నా బలమైన కారణం ఇంకొకటి ఉంటుంది. పల్లె కాపరి ప్రసంగం తన మందతో మాట్లాడే మాట. గట్టు తగాదా పడ్డ అన్నదమ్ములు ఇద్దరూ ఎదురుగా కూర్చున్నారని తెలిసి, పేరెత్తకుండా వాళ్లకు తగిలేలా చెబుతాడు. కెమెరా ఉంటే ఆ మాట చెప్పలేడు. సాక్ష్యానికి లేచినావిడ కూడా ఇంట్లో భర్త తాగుడు సంగతి నోట రానివ్వదు. పైగా ఈ రోజుల్లో గంట ప్రసంగంలోంచి ఇరవై సెకన్లు కత్తిరించి ఊళ్లో చిచ్చు పెట్టడం ఎవరికైనా తేలిక. ఆ కోడలు చేసిన ఛానెల్ వల్లే వచ్చింది ఇదంతా అని నింద చివరికి మీ మీదికే వస్తుంది.

యూత్‌ను మాత్రం కాదని పంపేయకండి. వాళ్లలో ఉత్సాహం ఉంది, డబ్బు కూడా వాళ్లే పోగుచేశారు. సౌండ్, రికార్డింగ్, ఎడిటింగ్, పాటల టైపింగ్ వాళ్లకే ఇవ్వండి. ఎందుకు లైవ్ వద్దో మామయ్యగారే వాళ్లతో కూర్చుని చెప్పాలి, కోడలి నోట చెప్పించకూడదు. మీరు ఆయనతో ఏకాంతంగా, ‘మామయ్యగారూ, మీ మనసులో ఏముందో వాళ్లకు చెప్పండి, నేను మధ్యలో నలిగిపోతున్నాను’ అని అడగండి. అడగడం అమర్యాద ఏమీ కాదు.

లైవ్ నిజంగా కావాల్సిన రోజు ఒకటుంది. సంఘంలో ఎవరైనా చనిపోతే, కూతురు కువైట్‌లో ఉండి రాలేకపోతే. యజమాని పంపడు, టికెట్ దొరకదు, వచ్చేదాకా శరీరాన్ని ఉంచలేరు. ఆ రోజు ఒక్క ఫోన్, ఒక స్టాండ్, పక్కన ఒక మనిషి చాలు. వాట్సాప్ వీడియో కాల్ అయినా సరే, యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ పెట్టి లింకు ఆ కుటుంబానికి మాత్రమే ఇచ్చినా సరే. యూట్యూబ్‌లో ఫోన్ నుంచి లైవ్ ఇవ్వాలంటే ఛానెల్‌కు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, మొదటిసారి లైవ్‌కు అనుమతి రావడానికి ఒక రోజు దాకా పట్టొచ్చు. కాబట్టి ఛానెల్ ముందే సిద్ధం చేసి ఉంచుకోండి. ఆ ఫోన్ పట్టుకునే కుర్రాడికి చెప్పండి: పెట్టె మీదే కెమెరా ఉంచొద్దు, అమ్మమ్మ దగ్గర కూర్చున్న పిల్లల్ని చూపించు, అవతల ఉన్న అమ్మ ముందు వాళ్లనే వెతుక్కుంటుంది. కూడిక అయ్యాక ఆమెతో ఎవరో ఒకరు మాట్లాడేదాకా కాల్ కట్ చేయొద్దు.

ఛానెల్ చేసేటప్పుడు సంఘం పేరుతో కొత్త జీమెయిల్ తెరవండి, ఏ ఒక్కరి సొంత ఖాతా మీదా చేయొద్దు. ఆ కుర్రాడు బెంగళూరు వెళ్లిపోతే ఛానెల్ కూడా అతనితో వెళ్లిపోతుంది. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి కవరులో పెట్టి సంఘ పెద్దల దగ్గర ఉంచండి. బాప్తిస్మం ఫొటోలు, సండే స్కూల్ పిల్లల ఫొటోలు పెట్టే ముందు వాళ్లనూ, పిల్లలైతే తల్లిదండ్రులనూ అడగండి. ఇంట్లో ఇంకా చెప్పుకోని విశ్వాసులు ఉంటారు. ఎప్పుడు చెప్పుకోవాలన్నది వాళ్ల నిర్ణయం.

ఇక డబ్బు. మీ వారి నిజాయితీ మీద నాకు సందేహం లేదు, గుసగుసలాడేవాళ్లలో చాలామందికి కూడా ఉండి ఉండదు. అయినా ఆ క్యూఆర్ కోడ్ ఈ నెలలోనే తీసేయండి. యెరూషలేములోని పేదల కోసం చందా పోగైనప్పుడు పౌలు దాన్ని ఒక్క తీతు చేతికే అప్పగించలేదు. సంఘాలు ఏర్పరచిన ఇంకో సహోదరుణ్ని తోడు పంపాడు. ఆ విరాళం విషయంలో ఎవరూ తమ మీద తప్పు మోపకూడదనే అలా చేశానని కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో తనే చెప్పుకున్నాడు. పౌలంతటివాడికి అవసరమైన జాగ్రత్త మనకు అక్కర్లేదా?

సంఘం 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయి ఉంటే ఆ పేరుతోనే పాన్ కార్డు, బ్యాంకు ఖాతా తీసుకోండి. రిజిస్టర్ కాకపోతే ముందు ఆ పని చేయండి. ఇద్దరు సంతకాలు పెడితేనే డబ్బు తీసేలా ఖాతా ఉండాలి, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మీ ఇంటికి బయటివాళ్లై ఉండాలి. క్యూఆర్ కోడ్ ఆ ఖాతాకే ఉండాలి. నెలనెలా ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది ఒక కాగితం మీద రాసి మందిరం గోడకు అంటించండి. ఎవరెవరు ఎంత ఇచ్చారో మాత్రం రాయొద్దు. నోట్లు కానుకల సంచిలో వేసే ముసలమ్మలకు సంచి అలాగే తిరగాలి. ఫోన్ లేనందుకు చెయ్యి ముడుచుకుని కూర్చునే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

కువైట్ నుంచి మన ఆడవాళ్లు పంపే కానుకల గురించి కొందరు భయపడుతుంటారు. భారత పౌరులు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికాలాంటి దేశాల పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్లు పంపేది మాత్రం వస్తుంది. వాళ్ల డబ్బు సంఘం తీసుకోవాలంటే విదేశీ విరాళాలను నియంత్రించే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, 2020 సవరణ తర్వాత అది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. అది లేకుండా ఎవరి సొంత ఖాతాలోకో తెప్పించి సంఘానికి వాడదామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

చివరగా ఒక జాగ్రత్త, దీన్ని వాయిదా వేయొద్దు. పాస్టర్ల ఫొటో డీపీగా పెట్టి కొత్త నంబరు నుంచి ‘అర్జెంటుగా పది వేలు పంపు, సాయంత్రం ఇస్తాను’ అని సంఘస్థులకు మెసేజ్‌లు పంపే మోసగాళ్లు ఉన్నారు. ప్రేమ కొద్దీ మనవాళ్లు ప్రశ్నించకుండా పంపేస్తారు. వచ్చే ఆదివారం ప్రకటనల వేళ మామయ్యగారే నిలబడి, ‘నేను వాట్సాప్‌లో ఎవరినీ ఎప్పుడూ డబ్బు అడగను, అడిగితే అది నేను కాదు’ అని చెప్పాలి. ఎవరైనా మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని, డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ కొట్టే పనే ఉండదని కూడా చెప్పించండి. మందిరంలో అంటించిన క్యూఆర్ మీద ఎవరైనా వేరే స్టిక్కర్ వేశారేమో ప్రతి ఆదివారం ఉదయం ఊడ్చేవాళ్లు ఒకసారి చూడాలి. మామయ్యగారి ఫోన్‌లో వాట్సాప్ టూ స్టెప్ వెరిఫికేషన్ మీరే పెట్టండి, ఆ ఆరంకెల పిన్ అత్తయ్యగారికి కూడా తెలిసి ఉండాలి. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దని ఆయనకు చెప్పండి, అడిగింది సంఘ పెద్ద గొంతే అయినా సరే.